మైకులో చదివించిన చీటీ

నిన్న మధ్యాహ్నం సంపత్ అన్న మా ఇంటికి వచ్చాడు. మా పెద్దమ్మ కొడుకు. మహబూబాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు, చాలా ఏళ్ళుగా ఒక సినిమా హీరో అభిమాన సంఘానికి పెద్ద. ఈసారి అభిమానుల సమ్మేళనం భూపాలపల్లిలో పెడుతున్నారట, హాలు మాట్లాడటానికి వచ్చి, పనిలో పనిగా మా ఇంట్లో భోజనం చేశాడు. తిన్నాక మా నాలుగేళ్ళ హన్వికను భుజం మీదికి ఎత్తుకుని, "దుకాణం దాక పోయొస్తం, చాక్లెట్ కొనిస్త" అంటూ చెప్పులు వేసుకున్నాడు. ఆ దుకాణం మా వీధి చివరే. గుమ్మంలో నిలబడితే కనిపిస్తుంది. అయినా నేను తింటున్న కంచం కింద పెట్టి, ఎంగిలి చేత్తోనే వెళ్ళి పాపను ఆయన భుజం మీద నుంచి దింపుకున్నాను. ఏం చెప్పి దింపుకున్నానో కూడా గుర్తు లేదు. అన్న మొహం ఒక్క క్షణం చిన్నబోయింది, తర్వాత నవ్వేశాడు.

"ఓ నాయినమ్మా! నువ్వింక గా ముచ్చట మర్వలేదానె?"

"నాయినమ్మ ఏంది బావా?" అని మావారు అడిగారు. ఆయన బొగ్గు బాయిలో పనిచేస్తారు. మా పెళ్ళయి ఆరేళ్ళయినా ఆ పేరు ఎప్పుడూ వినలేదు.

"నీకు చెప్పలేదా? మా మానుకోటల దీని పేరే గది. నేనెందుకు చెప్త, దాన్నే అడుగు."

అన్న వెళ్ళిపోయాడు. మావారు అడిగారు, నేను "ఏదో చిన్నప్పటి ముచ్చట" అని అంట్లు తోముతూ కూర్చున్నాను. ఇప్పుడాయన రాత్రి డ్యూటీకి పోయారు, పాప నిద్రపోతోంది, నాకు నిద్ర పట్టడం లేదు. ఆయనకు నోటితో చెప్పలేనిది రాసి పెడితే చదువుకుంటారని మొదలుపెట్టాను.

మాది జనగామ దగ్గర రఘునాథపల్లి. జనగామలో కాలేజీ ఉన్నా, మా అమ్మమ్మ ఒక్కతే ఉంటోందని, ఆమెకు తోడుగా ఉంటానని నన్ను డిగ్రీకి మహబూబాబాద్‌లో చేర్పించారు. మా వాళ్ళెవరూ ఆ ఊరిని మహబూబాబాద్ అనరు, మానుకోట అంటారు. అమ్మమ్మ ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. ఆమెకు గడియారంతో పని లేదు. తెల్లవారుజామున వచ్చే ప్యాసింజరు కూత వినగానే లేచి వాకిలి ఊడ్చేది, పేడనీళ్ళ సాంపి చల్లేది, గూడ్సు బండి పోయేసరికి పొయ్యి మీద చాయ మరిగేది. మిర్చి సీజన్‌లో మార్కెట్ వైపు నుంచి గాలి వీచిందంటే వీధి వీధంతా తుమ్మేది. ఆమె మాత్రం ముక్కుకు కొంగు చుట్టుకుని వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ ఉండేది. ఆ ఘాటు ఆమె చీరల్లోనే కాదు, నాకు కలిపి పెట్టే పెరుగన్నంలో కూడా ఉండేదని నాకు అనిపించేది. నేను కాలేజీకి బయలుదేరితే "ఎప్పుడొస్తవ్?" అని అడిగేది. ఐదింటికి అని చెబితే నాలుగింటి నుంచే గుమ్మంలో నిలబడేది. వీధి మలుపులో నేను కనబడగానే ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళి గిన్నెలు సర్దేది. నాకు ఒళ్ళు మండేది. నేనేమన్నా చిన్నపిల్లనా అని ఒకసారి గట్టిగా అరిచాను కూడా. ఈమధ్య హన్విక స్కూలు ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే నేను గుమ్మంలో కాదు, రోడ్డు మీదికే వెళ్ళి నిలబడుతున్నాను.

అమ్మమ్మను నేను అవ్వ అని పిలిచేదాన్ని. మా అమ్మ తన తల్లిని అవ్వా అని పిలిచేది, విని విని అదే పిలుపు నాకూ వచ్చింది. మా ఇంట్లో అమ్మ అంటే అమ్మ, అవ్వ అంటే అమ్మమ్మ. ఇంతకంటే ఆ మాట గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

నా డిగ్రీ రెండో సంవత్సరంలో సంపత్ అన్న మానుకోటలో మొదటిసారి అభిమానుల సమ్మేళనం పెట్టించాడు. హీరో స్వయంగా వస్తున్నాడు. చుట్టుపక్కల మండలాల నుంచి జనం ట్రాక్టర్ల మీద, ఆటోల మీద వస్తారని, అందులో ఆడవాళ్ళూ తక్కువేం ఉండరని అన్న లెక్క. "లేడీస్ గేటు కాడ మొగోళ్ళను నిలవెడితె బాగుండదు. నీ దోస్తులను గూడ తోల్కరా" అన్నాడు. నేను సరేనన్నాను. అవ్వకు అస్సలు నచ్చలేదు.

"సినిమాయనను చూడనీకి మొగపోరగాండ్లు అంగీలు చింపుకుంటరు. ఆడిపిల్లవు, నీకెందుకే గది?"

"నేను చూడనీకి పోతలేనవ్వా. పని జేయనీకి పోతున్న."

"ఏం పని?"

"వచ్చినోళ్ళను లైన్ల నిలవెట్టుడు, చేతికి ముద్ర కొట్టుడు, నీళ్ళ ప్యాకెట్లు ఇచ్చుడు."

"మొన్న నేను చెంబెడు నీళ్ళు అడిగితె గంటకు తెచ్చినవ్" అంది అవ్వ.

ముందు రోజు ఫంక్షన్ హాల్లో మాకు పని నేర్పారు. ఏర్పాట్ల కోసం హైదరాబాద్ నుంచి ఒక సంస్థ మనుషులు వచ్చారు. వాళ్ళ మేనేజరు ఒక చెక్కబల్ల, ఒక స్టాంపు, ఒక నోటు పుస్తకం నాకు అప్పగించాడు. పాసు చూడాలి, మణికట్టు మీద ముద్ర వేయాలి, పంపాలి. పిల్లలు ఎవరైనా తప్పిపోయి దొరికితే బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుని, చీటీ రాసి స్టేజి మీద యాంకరమ్మకు పంపాలి, ఆమె మైకులో చదువుతుంది. పిల్లను తల్లికో తండ్రికో తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఇచ్చేటప్పుడు పేరు, ఊరు, ఫోన్ నంబరు పుస్తకంలో రాయించుకోవాలి. అన్నీ చెప్పాక, మాతో ఒకసారి చేయించి చూశాడు. నేను చేతులు చాపి, "జర గటు జరుగుండ్రి, గిట్ల తోసుకోకుండ్రి" అన్నాను. ఆయన పక్కనున్న కుర్రాడితో కలిసి నవ్వాడు. "మేడం, జరుగుండ్రి అంటే ఎవరికీ అర్థం కాదు. దయచేసి పక్కకు జరగండి అనండి. కొంచెం నీట్‌గా ఉండాలి" అన్నాడు. మానుకోటలో జరుగుండ్రి అంటే అర్థం కానిది ఆయన ఒక్కడికేనని నాకు అప్పుడు తట్టలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రం ఇంట్లో అద్దం ముందు నిలబడి "దయచేసి జరగండి, కొంచెం ఆగండి" అని పది సార్లు చెప్పుకున్నాను. అవ్వ వంటింట్లోంచి "ఎవలతోని మాట్లాడుతున్నవే?" అని అరిచింది.

మర్నాడు పొద్దున పదింటికే గేటు ముందు జనం నిండిపోయారు. హీరో మొహం అచ్చు వేసిన పసుపు టీషర్టు వేసుకుని, మెడలో 'వాలంటీర్' అని రాసిన కార్డు వేలాడదీసుకుని నేను బల్ల వెనక నిలబడ్డాను. మల్లెపూలు, కొబ్బరినూనె, చెమట, కొత్త ఫ్లెక్సీల రంగు వాసన, వెనక డేగిసాల్లో ఉడుకుతున్న బిర్యానీ వాసన, అన్నీ కలిసి తల తిరిగింది. అయినా మొదటి రెండు గంటలు నాకు ఎంత గర్వంగా ఉందో ఏం చెప్పను. నాకంటే రెండింతల వయసున్న ఆడవాళ్ళు చెయ్యి చాపి ముద్ర వేయించుకుంటున్నారు. "దయచేసి వరుసలో రండి" అంటే వస్తున్నారు. ఒకామె మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఏ ఊరి పిల్లవే? టీవీల తీర్గ మాట్లాడుతున్నవ్" అంది. నేను దాన్ని పొగడ్త అనుకున్నాను.

ఒంటిగంట దాటాక నీళ్ళ ప్యాకెట్ల కోసం వంగితే, బల్ల కింద ఒక పాప కనిపించింది. మూడేళ్ళుంటాయి. గులాబీ రంగు గౌను, కాటుక చెంపల దాకా కారింది, ఒక కాలికి చెప్పు లేదు. ఎప్పటి నుంచి అక్కడుందో తెలియదు. ఎత్తుకుని బల్ల మీద కూర్చోబెట్టాను. పేరేంటి అంటే "చిన్ని" అంది. నాన్న పేరు అడిగితే "నాయిన" అంది. ఊరు ఏది అంటే "ఇల్లు" అంది. ఎవరితో వచ్చావ్ అని అడిగేసరికి పెదవి వంకర తిప్పి ఏడుపు అందుకుంది.

"అవ్వ! అవ్వ గావాలె!"

"అవ్వతోని వచ్చినవా?"

తల ఊపింది. "అవ్వ గావాలె."

నేను చీటీ తీసుకున్నాను. 'అవ్వ' అని రాయబోయి ఆగాను. మైకులో చదివేది ఆ యాంకరమ్మ, పక్కన ఆ మేనేజరు ఉంటాడు. మళ్ళీ నవ్వుతాడు. నీట్‌గా ఉండాలి. అవ్వ అంటే ముసలామె, అమ్మమ్మో నానమ్మో అయి ఉండాలి. ఇంటి దగ్గర పిల్లను చూసుకునేది నానమ్మే కదా అనుకున్నాను. 'మూడేళ్ళ పాప, గులాబీ గౌను, వాళ్ళ నానమ్మ కోసం ఏడుస్తోంది. నానమ్మగారు లేడీస్ గేటు దగ్గరకు రాగలరు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. రాగలరు అన్న మాట రాసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. యాంకరమ్మ దాన్ని రెండు పాటల మధ్య చదివింది. ఈలల్లో, డప్పుల్లో సగం మాటలు కొట్టుకుపోయాయి. "నానమ్మగారూ, మీ మనవరాలు మీ కోసం ఏడుస్తోందండీ" అన్నది మాత్రం హాలంతా వినబడింది. దానికి కొందరు కుర్రాళ్ళు ఈల వేశారు.

ఎవరూ రాలేదు. ఇరవై నిమిషాలు, అరగంట. పాప ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళలో పడింది. అప్పుడు ఒక ముసలామె బల్ల ముందు ఆగింది. రెండు ముక్కుపుడకలు, చేతుల నిండా పచ్చబొట్లు, తలకు ఎండ తగలకుండా సంఘం వాళ్ళు ఉచితంగా పంచిన హీరో బొమ్మ రుమాలు కట్టుకుంది.

"ఇటు రా అవ్వా, ఈ పాప నీకేమన్నా ఎరుకనా?" అని పిలిచాను. అవ్వా అన్న మాట వినగానే పాప చటుక్కున తలెత్తి, చుట్టూ వెతికినట్టు చూసి, ముసలామె వైపు చూసి, మళ్ళీ గట్టిగా ఏడ్చింది. నేను దాన్ని గుర్తుపట్టడం అనుకున్నాను.

"ఓసి పాడుగాను! గిది మా వాడకట్టు లచ్చమ్మ మనుమరాలు గదా. గిక్కడికెట్ల వచ్చింది?"

"నానమ్మతో వచ్చిందట. ఆమె కోసమే ఏడుస్తోంది."

"లచ్చమ్మ ఇంటికాడనే ఉన్నది గదనే. ఎవలో తోల్కొచ్చి ఇడిసిపెట్టినట్టున్నరు."

"మరి వాళ్ళమ్మ?"

"దాని తల్లా? గిసొంటి కాడికి అదెందుకొస్తది? అది శాన బుద్ధిమంతురాలు" అని ముసలామె తీసిపారేసింది. "నేను రెండుగంటల బస్సుకు పోతున్న. పిల్లనిటియ్యి, ఆళ్ళ నాయినమ్మ ఒళ్ళె వెడ్త."

అప్పుడే బయట ఒక్కసారిగా కేకలు లేచాయి. హీరో కార్లు వచ్చేశాయి. సంపత్ అన్న పరిగెత్తుకొచ్చి "గేటు ముయ్యిండ్రి!" అని అరిచాడు. మా వెనక కట్టెల బారికేడు కిర్రుమంది. నేను పాపను ముసలామె చేతుల్లో పెట్టాను. పుస్తకం బల్ల మీదే ఉంది, పెన్ను దాని మీదే ఉంది.

జనం తోసుకొస్తున్నారు కాబట్టి, గేటు మూయాలి కాబట్టి ఇచ్చేశానని తర్వాత అందరికీ చెప్పాను. సంపత్ అన్న ఇప్పటికీ అదే నమ్ముతాడు. కానీ గేటు దగ్గర ఇంకా ముగ్గురు అమ్మాయిలు ఉన్నారు, మూసింది వాళ్ళే. నేను పాపను ఇచ్చేసి, బల్ల ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి హీరోను చూశాను. నల్ల కళ్ళద్దాలు, జనం మీదుగా ఊపిన ఒక చెయ్యి, అంతే. రెండు నిమిషాలు కూడా కాదు. ఈ మాట ఈ కాగితం మీద తప్ప ఎక్కడా చెప్పలేదు.

గేటు మళ్ళీ తెరిచేసరికి ముసలామె లేదు, పాప లేదు. నేను స్టాంపు తుడిచి పెట్టుకుంటుంటే, జుట్టు ముడి ఊడిపోయిన ఒక అమ్మాయి జనాన్ని నెట్టుకుంటూ వచ్చి బల్ల మీద రెండు చేతులూ వేసింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. గొంతు బొంగురుపోయింది.

"చెల్లే, నా బిడ్డ... గులాబి గౌను... గింతే ఉంటది. అన్ని దిక్కుల దేవులాడిన."

నాకు ఎంత సంతోషం కలిగిందంటే, నవ్వుతూ చెప్పాను. "ఏం భయం లేదక్కా. వాళ్ళ నానమ్మ దగ్గరికి పంపించాం. మైకులో కూడా చెప్పాం కదా."

"మైకుల నేను గూడ విన్న. ఎవలో ముసలామె మనుమరాలనుకున్న." ఆమె బల్ల మీదుగా నా వైపు వంగింది. "ఏ నాయినమ్మ? మా అత్త మంచంల వడి ఏడాదాయె. ఆమె గిక్కడెట్లుంటది?"

"పాపే చెప్పింది. అవ్వ కావాలె, అవ్వ కావాలె అని ఏడ్చింది."

"అవ్వ అంటె నేనే గదనే!"

ఆ అరుపుకు వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా మా వైపు తిరిగారు. వాళ్ళ ఊళ్ళో తల్లినే అవ్వ అంటారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. మా అమ్మ తన తల్లిని పిలిచిన పిలుపే అది. పుట్టినప్పటి నుంచి నా చెవిలో ఉన్న మాట. అద్దం ముందు నేర్చుకున్న తెలుగులో పడి నాకది వినిపించలేదు. అవ్వను నానమ్మ చేసిన ఆ చీటీ వల్లే మానుకోటలో నాకు నాయినమ్మ అన్న పేరు పడింది. తల్లి ఆ హాల్లోనే, అరవై అడుగుల దూరంలో తిరుగుతుండగా, నేను పిల్లను పేరైనా అడగని మనిషి చేతిలో పెట్టి పంపించాను.

ఆమె పేరు రజిత. బయ్యారం దాటాక వాళ్ళ ఊరు. నేను బల్ల వదిలేసి ఆమెతో బస్టాండుకు పరిగెత్తాను, రెండుగంటల బస్సు పోయింది. ఆటో ఎక్కాం. వాళ్ళాయనకు ఫోన్ చెయ్యమన్నాను. ఆమె ఫోన్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "ఆయన లారీ మీద పోయిండు. బిడ్డకు జరం, మానుకోట దవాఖానకు పోతున్న అని చెప్పి వచ్చిన చెల్లే. గీ హీరో అంటె నాకు చిన్నప్పటి సంది పానం" అంది. ఇంకెవరికి చేసినా ఊరంతా తెలుస్తుంది. పక్కింటి వాళ్ళ నంబరు కలిపింది, ఎవరూ ఎత్తలేదు.

"ఆ ముసలామె ఎట్లుండె?"

"రెండు ముక్కుపుడకలు. చేతులకు పచ్చబొట్లు."

"మా ఊర్ల ముసలోళ్ళందరికి గట్లనే ఉంటయ్. పేరు?"

"అడగలేదు."

"గుర్తు దెచ్చుకో చెల్లే. ఏమన్నదో అదన్న చెప్పు."

"మీ వాడకట్టే అంది. మీ అత్త పేరు లచ్చమ్మ అంది. నువ్వు... శాన బుద్ధిమంతురాలివి, గిసొంటి కాడికి రావు అంది."

రజిత నుదురు కొట్టుకుంది. ఏడుపులో ఒక నవ్వు లాంటిది వచ్చి ఆగిపోయింది. నేను రోడ్డు పక్కన ప్రతి చెట్టు నీడలోకి, ప్రతి ఎదురు ఆటోలోకి చూస్తున్నాను. అత్త పేరు తెలిసినంత మాత్రాన ఆమె మంచిదని ఏముంది? పేరు మాటల మధ్యలో నేనే చెప్పానా? లేదు, నాకు తెలియదు కదా. గులాబీ రంగు ఏది కనిపించినా మెడ బయటికి చాపేదాన్ని. ఒక చోట అది కంచె మీద ఆరేసిన లంగా, ఒక చోట పగిలిన ప్లాస్టిక్ బకెట్. బయ్యారం దగ్గర పడేకొద్దీ మట్టి ఎర్రబడి, ఆ దుమ్మంతా ఆటోలోకి వచ్చి, రజిత చెంపల మీద కన్నీళ్ళ చారలు ఎర్రగా కనబడ్డాయి. ఆ గంట ప్రయాణం నాలో ఎక్కడో ఇంకా అయిపోలేదు. హన్విక పుట్టిన రోజు ఆసుపత్రిలో నర్సు పాపను బరువు చూడటానికి తీసుకెళ్తుంటే, కుట్ల నొప్పితోనే లేచి ఆమె పేరు అడిగాను. ఆమె నవ్వింది. ఇప్పుడు స్కూలు వాళ్ళు ఇచ్చిన కాగితంలో పిల్లను ఎవరు తీసుకెళ్ళవచ్చో రాయడానికి నాలుగు గళ్ళు ఉంటే, ఒక్క గడిలో నా పేరు రాసి మిగతా మూడూ కొట్టేశాను. మావారి పేరు కూడా రాయలేదు. ఆయన అది చూశారు. ఈ రాత్రి ఇదంతా రాయడానికి అది కూడా ఒక కారణం.

ఊళ్ళోకి వెళ్ళేసరికి రజిత ఇంటి అరుగు మీద రెండు ముక్కుపుడకల ముసలామె కూర్చుని ఉంది. తలకు రుమాలు లేదు. మమ్మల్ని చూడగానే లేచి, వేలు పెదవుల మీద పెట్టుకుని, లోపలికి వినబడేటట్టు గట్టిగా అంది. "ఏమె రజితా, దవాఖానల లైను శాన ఉండెనా? నేను కండ్లు చూపిచ్చుకుందామని గాడికే వస్తి గదా. పిల్ల ఆగమైతున్నదని నేనే ముందుగాల తోల్కొస్తి." తర్వాత రజిత చెవి దగ్గర గొణిగింది. "నేను గూడ ఇంట్ల గదే చెప్పి పోయిన. నోరు మూసుకొని లోపలికి నడువు."

లోపల మంచం మీద ఎముకల గూడులా ఒక పెద్దావిడ. ఆమె పక్కనే, చేతిలో సగం తిన్న పేలాల పొట్లంతో, పాప నిద్రపోతోంది. రజిత గొంతు వినగానే కళ్ళు తెరిచి "అవ్వా" అంది. రజిత ఎత్తుకుని మెడలో మొహం దాచుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా టీషర్టు మీద హీరో నవ్వుతున్నాడు. చున్నీ రెండు పొరలు చేసి కప్పి, మెడలో కార్డు వెనక్కి తిప్పుకున్నాను.

"ఎవలే గా పిల్ల?" అంది మంచం మీద ఆమె.

రజిత నా వైపు చూసింది. "దవాఖాన నర్సమ్మ అత్తా. బిడ్డ జరం ఎట్లున్నదో చూస్తనని వచ్చింది."

"ఇంటి దాక వచ్చే నర్సులు గూడ ఉన్నరా! మంచిదే. బిడ్డా, జర నా చెయ్యి గూడ చూడు."

నేను మంచం పట్టె మీద కూర్చుని ఆమె మణికట్టు పట్టుకున్నాను. నా గుండె చప్పుడులో ఆమె నాడి ఎక్కడుందో తెలియలేదు. "మంచిగనే ఉన్నది అవ్వా" అన్నాను. పొద్దుటి నుంచి అరువు తెలుగు మాట్లాడుతున్న నాకు ఆ మాట సొంత గొంతుతో వచ్చింది. ఆ మాట విని పాప తలెత్తి వాళ్ళమ్మ మొహంలోకి చూసింది.

రజిత తిడుతుందని ఎదురుచూశాను. ఒక దెబ్బ వేసినా బాగుండుననిపించింది. ఆమె నా దగ్గరికి వచ్చి నిలబడింది. కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్ర దుమ్ము, ఒక మడమ చీరుకుపోయి రక్తం కారుతోంది.

"చెల్లే, జర పట్టుకో. కాళ్ళు కడుక్కొని నీకు ఇన్ని నీళ్ళు తెస్త" అని పాపను నా చేతుల్లో పెట్టి వెనక వాకిట్లోకి వెళ్ళింది.

అరుగు మీద ముసలామె ఉంది. పక్కనే అత్త మంచం ఉంది. పాపను కింద దింపినా ఆడుకునేదే. నాకు ఇచ్చింది. నన్ను క్షమించిందో, అలసిపోయి ఏ చేతులు దగ్గరుంటే ఆ చేతుల్లో పెట్టిందో, అసలు ఏమీ ఆలోచించలేదో, ఇన్నేళ్ళలో చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఏమీ ఆలోచించకపోవడమే నిజం అయి ఉంటుంది. అదే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది. నేను తల్లినై నాలుగేళ్ళు. అంత మామూలుగా నా పిల్లను నేనింకా ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు.

పాప నా చంకలో కదిలింది. "నొస్తుంది. ఇడువు" అంది. నేను ఎంత గట్టిగా పట్టుకున్నానో అప్పుడు చూసుకున్నాను. కొంచెం వదులు చేశాను, జారుతున్నట్టు అనిపించి మళ్ళీ బిగించాను. వెనక వాకిట్లో రజిత చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక చెంబు, ఇంకో చెంబు, మధ్యలో మడమ రుద్దుకుంటున్న చప్పుడు. ఆమెకు ఏ తొందరా లేదు.